నీళ్ళలో ఉప్పెంత

తోవాన్ పోయాక దియెమ్ ఏడవలేదన్న సంగతి కాలువగట్టు పొడుగునా అందరికీ తెలుసు. పడవరేవు దగ్గర లారీ గుద్దిన మొగుణ్ణి చూసి, కాలికి ఒక చెప్పే ఉంది, రెండోదేదని అడిగిందట. కర్మకాండ ముగియగానే తాను పనిచేసే వృత్తివిద్యా కళాశాలకు వెళ్ళి ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పింది. రాతిగుండె అన్నారు కొందరు. ఆ మాట ఆమె చెవినా పడింది. కోపం రాలేదు. రావాలి కదా అని మాత్రం అనుకుంది.

ఇంట్లో ఇక ఆమే, మామగారే. ఆయన్ను ఊరంతా నామ్ తాత అంటారు. చోలాక్ ప్రాంతపు కాలువల మీద దూరియన్ పండ్ల అంట్లు పెంచే తోటలవాళ్ళకు ఆయన నాలుకంటే గురి. ఎండలు ముదిరితే సముద్రం నదిలోకి ఎగదన్నుతుంది. ఆ ఉప్పునీరు తోటలోకి వచ్చిందా, మొక్కలు మాడిపోతాయి. అందుకని పోటు వచ్చినప్పుడల్లా తాత తూము దగ్గర గొంతుక్కూర్చుని దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేవాడు. ఆయన ఊఁ అంటే తూము పలక లేచేది, తల అడ్డంగా తిప్పితే లేదు.

"నీ తరవాత ఎవరు రుచి చూస్తారు నాన్నా?" అంటూ తోవాన్ ఒక పరికరం మొదలుపెట్టాడు. నీళ్ళలో మునిగే రెండు స్టీలు కడ్డీలు, ఉప్పును బట్టి వాటి దగ్గర మారే వోల్టేజీ, దాన్ని అంకెగా మార్చే గోరంత చిప్పు, ఆ అంకెను అందుకుని తెర మీద చూపే చిన్న బోర్డు. అది సగంలో ఉండగానే మనిషి పోయాడు.

కొత్త సంవత్సరపు తెత్ పండుగ వెళ్ళాక దియెమ్ ఆ పరికరమున్న డబ్బా తీసి ముందేసుకుంది. మొగుడి గుర్తుగా కాదు. చేతులకు ఏదో ఒక పని కావాలి. ఊడిన తీగలు అతికి, తూము దగ్గర కొయ్యకు బిగించింది. లీటరుకు సున్నా పాయింటు ఎనిమిది గ్రాముల ఉప్పని చూపింది తెర. గ్రాము దాటితేనే మొక్కకు ముప్పు.

తాత రుచి చూశాడు. "తియ్యగానే ఉన్నాయి."

"నీ నాలుకకి మెషిను కూడా సాక్ష్యం చెబుతోంది, ఇంకేం కావాలి నామ్ అన్నయ్యా," అంది పక్కతోట చిన్ అత్త. "నా మొక్కలు చూడు, ముసలాళ్ళలా తలలు వాల్చేశాయి. పొద్దుటి పోటుకి పలక ఎత్తేస్తా."

మర్నాడు కాలేజీకి బయల్దేరబోతూ, పిల్లలకు కొలిచి సరిచూడమని రోజూ చెప్పే అలవాటు కొద్దీ, దియెమ్ వోల్టేజీ కొలిచే మల్టీమీటరు మొనలు చిప్పు కాలికి ఆనించి చూసింది. మీటరు చెప్పిన వోల్టేజీకి తెర మీద రావలసిన అంకె వేరు. వచ్చింది సరిగ్గా సగం. మళ్ళీ చూసింది. మళ్ళీ సగమే.

కొంచెం అటూ ఇటూ అయితే తీగ అనుకోవచ్చు. సరిగ్గా సగమంటే అంకెలో ఒక బిట్టు, అంటే ఒక స్థానం, జారినట్టే. గట్టు మీదే కూర్చుని ప్రోగ్రామ్ తెరిచింది. బోర్డు ఒక్కో టిక్కు కొట్టినప్పుడల్లా చిప్పు ఒక్కో బిట్టు అందిస్తుంది, పెద్దది ముందు, చిన్నది ఆఖర్న. అయితే పన్నెండు బిట్ల అసలు అంకె మొదలుపెట్టే ముందు ఒక ఖాళీ బిట్టు పంపుతుంది. తోవాన్ దాన్ని కూడా అంకెలో కలిపి పన్నెండు లెక్కపెట్టి ఆపేశాడు. ఆఖరి బిట్టు చిప్పులోనే ఉండిపోయేది, మిగిలినవన్నీ ఒక మెట్టు దిగి విలువ సగమైపోయేది. ఏటా తన క్లాసులో సగం మంది చేసే తప్పే. నన్నడిగితే చెప్పేదాన్ని కదా అనుకుంది. ఆ మాట వెనకే గుండెలో ఏదైనా కదులుతుందేమోనని కాసేపు ఆగింది. ఏమీ కదల్లేదు.

ఒక టిక్కు కలిపింది. తెర మీద ఒకటి పాయింటు ఆరు.

తలెత్తి చూస్తే చిన్ అత్త తూము పలక అప్పటికే లేచి ఉంది. నీళ్ళు బోదెలోకి గలగలా పోతున్నాయి.

"అత్తా, దించెయ్యండి. ఉప్పు."

"నిన్న తియ్యగా ఉన్న నీళ్ళు తెల్లారేసరికి ఉప్పయ్యాయా?"

"నిన్నా ఉప్పే. తెర తప్పు అంకె చూపించింది."

"నేను రుచి చూశాగా," అన్నాడు తాత, వెనకనుంచి.

చిన్ అత్త ఒంగి గుక్కెడు నోట్లో పోసుకుని, మొహం చిట్లించి ఉమ్మింది. పలక దించేసి తాత వైపు చూసింది. "పసిపిల్లాడికైనా తెలుస్తుంది కదన్నయ్యా ఇది. నీకు తెలీలేదూ?"

తాత ఇంటి దారి పట్టాడు.

దియెమ్ ఆ రోజు కాలేజీకి వెళ్ళలేదు. మధ్యాహ్నం చేపల పులుసు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఎప్పట్నుంచి మామయ్యా?"

ఆయన అన్నం కెలికాడు. "వాణ్ణి పూడ్చిన రోజు నుంచి. ఉప్పటి చేప సాసు ఒట్టిది తాగి చూశా, మంచినీళ్ళలా ఉంది. నాలుగు రోజుల్లో వస్తుందిలే అనుకున్నా. రాలేదు."

"చెప్పొచ్చు కదా."

"నాలుక పోయిందంటే ఊళ్ళో నన్నెవడు పలకరిస్తాడమ్మా? నిన్న నీ డబ్బా వంక చూసి, అది బాగుందంది కదాని నేనూ బాగుందన్నా."

"నాకు ఏడుపు రావడం లేదు మామయ్యా. ఎంత ప్రయత్నించినా."

"తెలుసు," అన్నాడాయన. "వాళ్ళు కూసేవి పట్టించుకోకు." పులుసు గిన్నె ఆమె వైపు జరిపాడు.

సాయంత్రం ఆయన తనంతట తానే చిన్ అత్త ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టడం అయ్యాక, వానాకాలంలో పట్టుకున్న కుండనీళ్ళు ముంచి ఇచ్చి, బోదె పక్క మొక్కల మొదళ్ళు కడగమంది. ఆ నీళ్ళు అయిపోతే తాత తన చెరువు నీళ్ళు తోడించాడు. దియెమ్ కూడా కడవలు మోసింది. ముందు వరస మొత్తం మాడిపోయింది. వెనక వరసలు ఆకులు రాల్చినా నిలిచాయి.

ఆ తరవాత పోటు వచ్చినప్పుడల్లా దియెమ్ తెర చూసి అంకె చెప్పేది. తాత గట్టెక్కి దాన్ని కాలువ అవతలికి కేకేసేవాడు.

"ఒకటి పాయింటు నాలుగు!"

"మూసే ఉంచాలా తాతా?" అని అవతలినుంచి ఎవరో అడిగేవారు.

"మూసే ఉంచండి," అనేవాడు.