నూనెచేతులోళ్లు

నాక్సోస్ దీవిలో పెట్రియా ఊరంటే రేవు పట్నం వాళ్లకు ఎగతాళి. ఆ ఊరివాళ్లకు వీళ్లు పెట్టిన పేరు 'నూనెచేతులోళ్లు'. పాపం వాళ్లు చేసిందల్లా ఒకటే. పొలంలో దొరికిన పాలరాతి అమ్మాయిని, రెండున్నర వేల ఏళ్ల నాటి బొమ్మను, పునీత పరస్కెవి అనుకుని చర్చి బయటి గోడలో నిలబెట్టుకున్నారు. పరస్కెవి కళ్లజబ్బులు నయంచేసే తల్లి. అందుకని తరతరాలుగా దీపం నూనెలో దూది ముంచి, ముందు బొమ్మ కళ్లకూ తర్వాత తమ కళ్లకూ అద్దుకున్నారు. బొమ్మ ఒళ్లంతా తెల్లగానే ఉంది, కళ్లు మాత్రం మాడిన రొట్టెలా తయారయ్యాయి.

ఇప్పుడా బొమ్మ పట్నం మ్యూజియంలో ఉంది. అధికారి ఫోకియన్ ఆ మరకను లేజర్‌తో తీయించేసి, పక్కన పలక మీద 'గ్రామస్థుల అజ్ఞానంవల్ల పాడైనది' అని చెక్కించబోతున్నాడు. మ్యూజియంలో రాళ్లను పరీక్షించే జంబేత పెట్రియా పిల్లే. ఆ మాట వినగానే ఆమెకు ఒళ్లు మండింది. ముందు మరకేమిటో తేల్చాలని పట్టుబట్టింది.

"కాకి పిల్ల కాకికి ముద్దు. మీ ఊరి జిడ్డును కూడా దాచిపెట్టమంటావా?" అన్నాడు ఫోకియన్.

"జిడ్డో కాదో చూశాకే గీకుదాం సార్. గీకేశాక మళ్లీ అంటించలేం కదా."

ఆయన సరే కానిమ్మన్నాడు.

కంటి మూల నుంచి గసగసంత పెచ్చు తీసి, అడ్డంగా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టింది జంబేత. పైన మసి. దాని కింద పొర మీద పొరగా ముదిరిపోయిన ఆలివ్ నూనె. ఇంతవరకూ ఫోకియన్ మాటే నిజం. ఇక ఊళ్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి అనుకుంది. అంతలో నూనె అడుగున, రాతిని అంటిపెట్టుకుని, నీలం నలుసులు కనిపించాయి. ఈ రాతిలో నీలం ఎక్కడిది?

పాతకాలపు నీలం రంగు ఒకటుంది. దాని మీద ఎర్రదీపం వేస్తే, మన కంటికి ఆనని వెలుగొకటి చిమ్ముతుంది. ప్రత్యేకమైన కెమెరాకే అది అందుతుంది, తెర మీద తెల్లగా కనబడుతుంది. జంబేత గది చీకటి చేయించి ఫోకియన్‌ను పిలిచింది. ఊరి నుంచి మరూసో పెద్దమ్మనూ రప్పించింది. ఆ చర్చి దీపంలో నూనె పోస్తూనే ముసలిదైపోయిన మనిషి ఆవిడ.

కెమెరా తెర మీద బొమ్మ ఒళ్లంతా చీకటి. ఆ చీకట్లో రెండు కళ్లు తెల్లగా వెలిగాయి. కంటి తెలుపు మరింత మెరవాలని ఆనాటి శిల్పి అందులో కలిపిన నీలం అది. మధ్యలో నల్లటి కనుపాపలు గుండ్రంగా నిలిచి ఉన్నాయి. జుట్టు రంగు, పెదవుల రంగు, బట్టల రంగు, నూనె తగలనివన్నీ వానకూ ఉప్పుగాలికీ ఏనాడో కొట్టుకుపోయాయి.

ఫోకియన్ తెర మీదికి వంగి రెండు కళ్లనూ మార్చి మార్చి చూశాడు. చివరికి, "లేజర్ పెట్టి ఉంటే గుడ్డిదాన్ని చేసేవాణ్ణి," అన్నాడు.

మరూసో పెద్దమ్మ ఆశ్చర్యపోనే లేదు. "మన కళ్లు కాచే తల్లి కళ్లు మనం కాచుకోమా ఏమిటే?"

ఆవిడ పరస్కెవి కాదు పెద్దమ్మా అని చెప్పబోయి, జంబేత చెప్పలేకపోయింది. ఏనుగెక్కినంత సంబరంలోనూ కళ్లనీళ్లు ఆగలేదు.

పలక మీద ఏం రాయాలో నువ్వే చెప్పమన్నాడు ఫోకియన్. ఆమె రాసిచ్చినదాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా చెక్కించాడు. ఇప్పటికీ ఆ బొమ్మ పక్కనే ఉంది:

'రంగు కళ్లలో మాత్రమే మిగిలింది. కాపాడినవారు, పెట్రియా నూనెచేతులోళ్లు.'