రికార్డులో నిండిన గుంత

లింగస్వామి చొక్కా మీది బురద ఇంకా ఆరలేదు. ఎడమ చేతిని మెడకు కట్టిన తువ్వాలలో పెట్టుకుని మున్సిపల్ ఆఫీసులో ఇంజనీరు వెంకటేష్ టేబుల్ ముందు నిలబడ్డాడు. పొద్దున ఫంక్షన్ హాలు ముందరి గుంతలో అతని ఆటో పల్టీ కొట్టింది. అందులో కూర్చున్న కృష్ణమ్మ తుంటి విరిగింది. ఆమె కూరగాయలు అమ్ముకునే మనిషి. ఆటో ఇప్పుడు పోలీస్ స్టేషన్లో ఉంది. అజాగ్రత్తగా తోలి మనిషిని గాయపరిచాడని లింగస్వామి మీద కేసు రాస్తున్నారు.

"గాడ గుంత ఉన్నదని ఒక్క కాగితం రాసియ్యిండ్రి సారూ. లైసెన్సు పోతె నా ఇంట్ల పొయ్యి ఎలగది."

"గాడ గుంత లేదు."

"మరి నేను పడ్డది దేంట్ల?"

వెంకటేష్ కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పాడు. పోయిన వారం లింగస్వామి బిడ్డ ప్రణీత ఫోన్లో పెట్టిన ఫిర్యాదు అది. కింద 'పరిష్కరించబడింది' అని ఉంది. పక్కన ఫొటో. మొరం మట్టితో నిండిన గుంత, పార పట్టుకుని వంగిన మనిషి. ఆ మనిషి లింగస్వామి.

ఆటో అడ్డాలో ఒక కట్టుబాటు ఉంది. వాన పడ్డ మర్నాడు గుట్ట వైపు నుంచి ఖాళీగా తిరిగొచ్చే ప్రతి ఆటో రెండు సంచుల మొరం తేవాలి. తేనివాడు లైన్లో అందరికంటే వెనక నిలబడాలి. రెండేళ్లుగా ఆ గుంతను వాళ్లే నింపుతున్నారు. మొన్న నింపుతుంటే మున్సిపాలిటీ మనిషి ఒకడు వచ్చి ఫొటో తీసుకుపోయాడు. అదే ఫొటో సాయంత్రం ప్రణీత ఫోనుకు వచ్చింది. లింగస్వామి దాన్ని అడ్డాలో తిప్పాడు. "నాకు సర్కారు నౌకరి అచ్చిందిరా. ఇగ కిరాయిలు మీరే కొట్టుకోండ్రి" అంటే అందరూ నవ్వారు.

నిన్న రాత్రి వానకు మొరం కొట్టుకుపోయింది. గుంత నీళ్లతో నిండి రోడ్డులాగే కనబడింది. తాను పోసిన మొరాన్ని నమ్మి లింగస్వామి ఆటోను దాని మీదికి పోనిచ్చాడు.

"గది మేం పోసింది సారూ. మీరు తట్టెడు మన్నన్న పోసిండ్రా?"

"ఎవలు పోస్తె ఏంది? కాంట్రాక్టరు బిల్లు గూడ పాసయింది. రికార్డుల నిండినంక, ఉన్నదని నేనెట్ల రాయాలె?"

వెంకటేష్ లేచి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"జర ఇను. నువ్వెన్ని సంచులు పోసినా గది నిల్వదు. మురికినీళ్ల మోరీ మీద హాలోళ్లు స్లాబేసి మెట్లు కట్టుకున్నరు. నీళ్లకు తొవ్వ లేక తారు కిందికి పోతయి. కింద మన్ను మెత్తబడ్తది. దాని మీదికెళ్లి గ్రానైటు లారీలు పోతయి. ఇగ తారు కుంగక ఏం జేస్తది? మెట్లు తీసి మోరీ తెరిస్తెనే రోడ్డు ఉంటది."

"తియ్యుండ్రి మరి."

"హాలు మున్సిపల్ చైర్మన్ బామ్మర్దిది."

"గా ముక్కనే రాసియ్యిండ్రి."

వెంకటేష్ తలుపు తీశాడు. "లోక్ అదాలత్ల తప్పు ఒప్పుకో. జుర్మానా కడ్తె పోతది. నాకు గూడ పిల్లలున్నరు."

"మాయి కోడిపిల్లలా సారూ?" అని లింగస్వామి బయటికి వచ్చాడు.

దవాఖానలో కృష్ణమ్మ కాలికి తాడు కట్టి, మంచం చివర ఇటుకలు వేలాడదీశారు. హెడ్ కానిస్టేబుల్ గురవయ్య అప్పుడే వచ్చి పోయాడని చెప్పింది.

"మెల్లగనే తోలిండు, నీళ్లుండి గుంత కానరాలేదని చెప్పిన బిడ్డా. జోరుగ తోలిండని రాసుకున్నడు. గట్ల గాదు సారూ అంటె, గట్ల రాస్తెనే ఇన్సూరెన్సు అస్తదవ్వా, రోడ్డు మీద కేసు పెడ్తె నీకేమస్తది అన్నడు."

"ఏలిముద్ర ఏసినవా?"

"ఏసిన." ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. "లోపట రాడ్డు ఏస్తరట. నాకెవలున్నరు బిడ్డా."

"నీ తప్పేం లేదు పెద్దవ్వా" అన్నాడు లింగస్వామి. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. ఉన్న కోపమంతా ఆ ఆఫీసు మీదే ఉంది.

అతను ఫంక్షన్ హాలు దగ్గరికి వచ్చేసరికి అడ్డా నుంచి తోటి డ్రైవరు శ్రీశైలం వచ్చి ఉన్నాడు. ఆటోలోంచి మొరం సంచి దించి భుజానికి ఎత్తుకున్నాడు. హాల్లో పెళ్లి జరుగుతోంది. వంటవాళ్లు గంజి నీళ్లు తెచ్చి మెట్ల పక్క నుంచి రోడ్డు మీదికి వదిలారు. అవి వచ్చి గుంతలో కలిశాయి.

లింగస్వామి చెప్పులు విడిచి గుంతలోకి దిగాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

"జరుగన్నా, పోస్త."

"పొయ్యకు."

"మళ్ల ఎవలన్న పడ్తరే."

"పడకుంట నేను నిలబడ్త. మనం నింపినన్ని దినాలు వాళ్లకు గుంత లేదురా."

"ఎన్నాళ్లు నిలబడ్తవ్? పానం మంచిగున్నదా నీకు?"

లింగస్వామి నీళ్లలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.  శ్రీశైలం సంచిని మూతి విప్పకుండా ఆటోలో వేసి వచ్చి పక్కన నిలబడ్డాడు.

గ్రానైటు లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ మీది చెయ్యి తీయకుండా తల బయటపెట్టాడు.

"ఏమైందే? జరుగు."

"ఈడ గుంత ఉన్నది" అన్నాడు లింగస్వామి.

లారీ వెనక బస్సు ఆగింది. బస్సు వెనక పెళ్లివాళ్ల కార్లు ఆగాయి. మెట్ల మీది నుంచి ఎవరో కేకేస్తూ దిగుతున్నారు. లింగస్వామి జరగలేదు.