నీళ్లంటని మడి

సూర్యచంద్రు లమర చూపులై వెల్గగా
సింహగిరిని వెలయు సిరులరాయ!
పాపలైన వారి పాలిట దిక్కువై
కంటివెలుగు నిలుపు కరుణతోడ.

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో అప్పలలక్ష్మిగారి మడి సంగతి ఎరుగనివారు లేరు. విజయనగరం నుంచి వచ్చి ఎన్నేళ్లయినా, నీళ్లతో శుద్ధి కాని వస్తువు ఆమె దేవుడి గదిలోకి వెళ్లేది కాదు. భర్త వరహాలుగారికి చిన్ననాటి హ్రస్వదృష్టి ఏటేటా ముదిరి, చివరకు లోపలి పొర చిరిగి ఒక కన్ను ఆరిపోయింది. మనుమరాలు సాయిదుర్గ కళ్లద్దాలు మందమైనప్పుడల్లా ఆ ఆరిన కన్నే ఆమె గుండెల్లో మెదిలేది.

తిరుమలగిరిలోని కంటివైద్యురాలు కల్పలత ఒక ఉపాయం చెప్పింది. నిద్రపోయేటప్పుడు పెట్టుకొని ఉదయం తీసివేసే గట్టి లెన్సులవి. నల్లగుడ్డు పైభాగాన్ని మెల్లగా చదును చేస్తాయి. పగలంతా అద్దాలు లేకుండానే చూపు ఆనుతుంది. కంటిగుడ్డు సాగి హ్రస్వదృష్టి ముదిరే వేగమూ తగ్గుతుంది. పోయిన చూపును తెచ్చేవి కావు, పోబోయేదానికి అడ్డుకట్ట వేసేవి. కోడలు సత్యవేణి వాటిని తెప్పించింది.

కొద్దిరోజులకే సాయిదుర్గ మోండా మార్కెట్‌లో అంత దూరాన పలకమీద రాసిన టమాటా ధర చదివేసింది. నాయనమ్మ పొంగిపోయింది. ఆ పొంగే కొంప ముంచింది. ఇంత వరమిచ్చిన వస్తువు మందునీళ్లలో నానడమేమిటని తోచి, పగటిపూట లెన్సుల డబ్బీలోని ద్రావణం పారబోసి తులసితీర్థం నింపింది. పిల్ల ఎరుగక ఎప్పటిలాగే పెట్టుకొని పడుకుంది. తెల్లారేసరికి కన్ను చింతనిప్పయింది.

నీళ్లేమైనా తగిలాయా అని వైద్యురాలు అడిగినప్పుడు అప్పలలక్ష్మిగారు తల దించుకోలేదు.

“మా గుంట తప్పేటీ నేదమ్మా. డబ్బీలో తీర్థం నానే పోసేసినాను.”

“అమ్మమ్మా, గంగనీళ్లు సుత తగలొద్దు. కంటికి కనబడని పురుగు లెన్సు కింద చేరితే కన్నే పోవచ్చు. జెర పైలం.”

అదృష్టవశాత్తు పుండు పడలేదు. చుక్కలమందుతో కన్ను తేరుకునేదాకా మళ్లీ అద్దాలే అన్నారు. ఇంటికి వచ్చాక సత్యవేణి లెన్సులు మానిపించేద్దామంది. అప్పలలక్ష్మిగారు భర్త ఆరిన కంటివంక చూసి, వాటికిక తానే మడి కడతానంది.

“నీళ్లు లేకుండ మడి ఏందీ నానమ్మా?” అని నవ్వింది సాయిదుర్గ.

“సబ్బెట్టి సేతులు కడుక్కుని, సుక్క నేకండా పొడిగుడ్డతో తుడుసుకోడవే. నేర్సుకుంతాను.”

వైద్యురాలు సరేనన్నాక లెన్సులు మళ్లీ మొదలయ్యాయి. పూటపూటకూ కొత్త ద్రావణమే. డబ్బీ కడగడమూ దానితోనే. పొగాకు చేతులతో అటు రాబోయిన వరహాలుగారిని గుమ్మంలోనే నిలిపేది. పండుగకు వచ్చిన చుట్టాలు తీర్థం తీసుకొని తడిచేయి కళ్లకద్దుకుంటుంటే, మనుమరాలికి మాత్రం ఆ చేయి తలకే తాకించేది. దేవుడు కోపగిస్తే తాను చెప్పుకుంటానంది.

ఏడాది తిరిగింది. కల్పలత యంత్రంలో కంటిగుడ్డు పొడవు కొలిచి, నమ్మకం చాలక ఇంకోసారి కొలిచింది.

“నిరుడు ఎంతుండెనో ఇంచుమించు గంతే ఉంది అమ్మమ్మా. గిట్లనే కానియ్యండి.”

తిరుగుదారిలో రైలుపట్టాలు దాటే వంతెనమీద ఆటో ఆపించారు వరహాలుగారు. దూరాన వస్తున్న ఇంజిను ఆయన ఒంటికంటికి మసకముద్ద. మనుమరాలు దాని నెంబరు అంకె పొల్లుపోకుండా గడగడా చదివింది. ఒకనాడు ఇంజిన్లు మరమ్మతు చేసిన ఆ పెద్దాయన మీసం దువ్వి, భార్యవైపు తిరిగారు.

“ఇన్నేళ్లకి నీ మడి ఓ పనికొచ్చిందే.”

ఆమె వంతెనమీదే నిలబడి, సింహగిరి ఉన్న తూర్పుదిక్కుకు చేతులు జోడించింది.

ఈ కథ ఆలకించిన ప్రతి ఇంటా పసివారి చూపు పదిలమగుగాక! పెద్దల భక్తికి వివేకం తోడగుగాక! శుభమస్తు.