అన్నీ ముట్టినవి

కోర్టు నకళ్ళ విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి విరమించిన పెద్దగుమస్తాగారు ఆ విభాగపు కిటికీకి ఇవతలివైపు నిలబడడం జీవితంలో అదే మొదటిసారి. పక్కన ఆయన బావమరిది. ఒక కార్యాలయ భవనంలో లిఫ్టు నడిపే ఆ మనిషి ఇప్పుడు ముద్దాయి. ఒక వృద్ధుణ్ణి మెట్లమీదినుంచి తోసివేశాడని అభియోగం. తుంటి విరిగిన ఆ వృద్ధుడికి ఆనాటి సంగతేదీ జ్ఞాపకం లేదు. సాక్ష్యమల్లా అక్కడి కెమెరా పట్టిన పదకొండు నిమిషాల దృశ్యం. అందులో ఇరవై సెకన్ల ముక్కను ఎవరో బయటికి వదిలారు. భుజంమీద ఒక చెయ్యి పడుతుంది, వృద్ధుడు దొర్లిపోతాడు, అంతే. ఆ ముక్క టీవీకెక్కి, ఫోనునుంచి ఫోనుకు పాకి, ఊరందరికీ కంఠతా వచ్చింది. మిగిలినదాన్ని ముద్దాయి కూడా చూడలేదు.

"గురువుగారూ, మీరు వరుసలో నిలబడడమేంటండీ," అన్నాడు కిటికీ వెనకనున్న గుమస్తా. ఒకప్పుడు ఆయన చేతికింద పని నేర్చుకున్నవాడు. "ఇదిగో రసీదు. సంతకం పెట్టించండి, కేసు నకళ్ళ కట్ట ఇచ్చేస్తా."

బావమరిది కలం పట్టుకుని ఆగాడు. "బావగారూ, లోపల ఏమున్నాయో చూసుకోకుండానే పెట్టనా?"

"పెట్టవయ్యా. ముందు సంతకం, తర్వాత కట్ట. ఇక్కడి పద్ధతి అది," అన్నారు పెద్దగుమస్తాగారు, కొంత గర్వంగానే. భోజనాల వేళకు వరుస ఖాళీ కావాలని ఒకనాడు ఆ పద్ధతి పెట్టినది ఆయనే.

'నకళ్ళు అన్నీ ముట్టినవి' అన్న అచ్చు వాక్యం కింద బావమరిది సంతకం చేశాడు.

ఆ మధ్యాహ్నమే ముద్దాయి తరఫు లాయరమ్మ తన గదిలో కట్ట విప్పి పట్టికతో సరిచూసింది. పదమూడు వరకూ సరిపోయాయి. 'పద్నాలుగు, కెమెరా దృశ్యం, పూర్తి నిడివి' అని రాసిన కవరును తలకిందులు చేసి దులిపింది. ఒక గుండుసూది రాలింది.

"కట్ట చూశాకే కదండీ సంతకం పెట్టారు?"

పెద్దగుమస్తాగారు గొడుగు తీసుకుని నేరుగా కిటికీకి నడిచారు.

"అన్నీ ముట్టాయని సంతకం ఉంది కదండీ," అన్నాడు గుమస్తా. "ఇప్పుడు లేదంటే నేనెక్కణ్ణుంచి తెచ్చేది? అయినా విచారణ మొదలవకుండా అలాంటివి బయటికి పోకూడదండి."

"ఆ వీడియో నువ్వు చూశావా?"

"ఆ ముక్కా? చూడనివాళ్ళెవరండీ. మా బావ పంపాడు."

"అంటే నీ బావ చూడొచ్చు, నా బావమరిది చూడకూడదు."

గుమస్తా నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

ఇల్లు చేరేవరకూ ఆయన రక్తం కుతకుతలాడుతూనే ఉంది. ముక్క సంతలో దొరుకుతుంది, మొత్తం మాత్రం దాని మూలంగా జైలుకు పోవలసినవాడికి దొరకదు. ఇదెక్కడి గోప్యత, ఎవరినుంచి? భార్య ఆయన ఆగ్రహాన్నంతా విని, చదివిన పత్రిక మడిచి పక్కన పెట్టింది.

"వాళ్ళను తిట్టింది చాలుగానీ, ఏమండీ, మా తమ్ముడు సంతకం పెట్టింది ఎవరి మాటమీద?"

ఆ రాత్రి ఆయన కాగితం, కలం తీసుకుని బల్లముందు కూర్చున్నారు.

పూర్తి దృశ్యం ఇప్పించమని లాయరమ్మ అర్జీ పెట్టింది. వారం తరువాత కోర్టు హాలులో ప్రభుత్వ వకీలు ఆ రసీదును రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. అన్నీ ముట్టాయని ముద్దాయే ఒప్పుకున్నాక ఇక వాదమేమిటన్నాడు. లాయరమ్మ లేచి ఒక ప్రమాణపత్రం అందించింది. అది పెద్దగుమస్తాగారు స్వహస్తాలతో రాసినది. ప్రభుత్వ వకీలు దాన్ని చదివి, సాక్షి బోనులో నిలబడ్డ ఆయనవైపు తిరిగాడు.

"కట్ట విప్పకముందే సంతకాలు తీసుకునేవాణ్ణని రాశారు. ఎంతమంది దగ్గర తీసుకున్నారు?"

"వేలమంది దగ్గర."

"అంటే వేలమంది చేత అబద్ధం రాయించారా?"

హాలులో వెనక బల్లలమీద ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దగుమస్తాగారు కోటు గుండీ సరిచేసుకున్నారు. ఆ భవనంలో ఆయన పేరు చెబితే గుమస్తాలు లేచి నిలబడేవారు.

"రాయించానండి. ఎవరి కవరు ఖాళీగా ఉందో ఒక్కనాడూ చూడలేదు. ఆ సంతకానికి విలువ లేదు. అది తెలిసినవాణ్ణి నేనే కాబట్టి చెబుతున్నాను."

న్యాయమూర్తి రసీదును పక్కకు నెట్టారు. పూర్తి దృశ్యం మర్నాటికల్లా ముద్దాయికి అందాలని, అతడు చూసుకున్న తరువాతే సంతకం తీసుకోవాలని, అంతవరకు విచారణ మొదలుకాదని ఆదేశించారు.

మర్నాడు గుమస్తా తన కంప్యూటరును కిటికీవైపు తిప్పాడు. తొమ్మిదో నిమిషంలో వృద్ధుడు పైమెట్టుమీద రెండుసార్లు తూలాడు. రెయిలింగు అందక చెయ్యి గాలిలో ఆడింది. లిఫ్టు తలుపు దగ్గరినుంచి బావమరిది పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకోబోయాడు. ఊరు చూసిన ఇరవై సెకన్లు అక్కడినుంచే మొదలు.

బావమరిది తెరమీదినుంచి చూపు తిప్పలేదు. "పట్టుకోబోయాను కదా బావగారూ. అందరూ తోశావు, తోశావు అంటుంటే నాకే అనుమానం వచ్చేసింది."

గుమస్తా మెల్లగా రసీదు ముందుకు జరిపాడు.

"ఉండవయ్యా," అన్నారు పెద్దగుమస్తాగారు, రసీదుమీద అరచెయ్యి ఆనించి. "మొదటి కాగితంనుంచి లెక్కపెట్టు. పైకి చదువుతూ."

"ఎంతసేపు తాతా, మాకూ పనులున్నాయి," అని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. అతడి ముందున్న ఆడమనిషి మాత్రం, సంతకానికని అప్పటికే తెరిచి పట్టుకున్న కలానికి మూత పెట్టేసి, తన కట్ట ఏదని గుమస్తాను అడిగింది.