చదివినవారి పరిచయం

ఆ లైబ్రరీలో కంచుకంఠాన్ని ఎరగనివాళ్లు లేరు. ఎరగకపోయినా వినపడతాడు. ముప్ఫై ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో మంచినీళ్లు అడిగినా అదే గొంతు.

"కాస్త మెల్లగా అడగండి, పక్కింటివాళ్లు సామాను సర్దుకుని బయల్దేరేట్టున్నారు" అని భార్య మొత్తుకునేది. చివరికి ఆవిడే ఈ పని వెతికిపెట్టింది. చూపు లేని పిల్లల కోసం లైబ్రరీవాళ్లు కథల పుస్తకాలు పైకి చదివించి, రికార్డు చేసి, ఇళ్లకు పంపిస్తారు. జీతం లేదు గానీ గొంతుకి మర్యాద ఉంది. ఇంట్లో ఆవిడకి ప్రశాంతత ఉంది.

మేడ మీద పాత సామాన్ల గదిలో గోడలకి పరుపులు కొట్టి దాన్ని రికార్డింగు గది అన్నారు. ఒక కుర్చీ, ఒక మైకు, ఒక నిబంధనల బోర్డు. అందులో ఏడోది పెద్దక్షరాల్లో ఉంటుంది: "అచ్చులో ఉన్నది మాత్రమే చదవవలెను. సొంత మాట కలపరాదు." దాని కింద ఒకే ఒక్క వెసులుబాటు. పుస్తకం అయ్యాక చదివినవారి పరిచయానికి ఒక నిమిషం.

కంచుకంఠం ప్రాణమంతా ఆ నిమిషంలోనే. "చదివినవారు, ముప్ఫై ఏళ్లలో ఒక్క ప్రయాణికుణ్ణీ తప్పు బస్సెక్కించని..." అంటూ మొదలెడితే గోడల పరుపులు కూడా అదిరేవి. కథలు అద్దం ముందు ఒకసారి చదువుకునేవాడు, పరిచయం మాత్రం నాలుగుసార్లు.

అలా నలభై పుస్తకాలు సాఫీగా వెళ్లిపోయాయి. నలభై ఒకటోది, పడవ తాత బాతు కథ, తిరిగొచ్చింది. వెంట ఒక చీటీ. "కథకి చివర లేదు. రాత అమ్మమ్మది, మాట నాది."

లైబ్రరీ మేడమ్ రికార్డు విన్నారు, పుస్తకంతో పోల్చారు. ఒక్క అక్షరం తగ్గలేదు. చీటీ మీద 'ఫిర్యాదు చెల్లదు' అని ముద్ర కొట్టి పంపించేశారు. వారం తిరక్కుండా రెండో చీటీ. "మీ ముద్ర నాకు కనపడదు. చివర వినపడలేదు."

"మూడోది వచ్చిందంటే మిమ్మల్ని మైకు దగ్గర కూర్చోబెట్టకూడదండీ. రూలు" అన్నారు మేడమ్. మైకు పోతే కంచుకంఠానికి ఇక మిగిలేది ఇల్లు. ఇంట్లో అతని మాట వినేది ఎవరు?

మూడోసారి చీటీతో పాటు మనిషే వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు లెక్కపెట్టుకుంటూ రికార్డింగు గదికి ఎక్కింది. అక్కడ కంచుకంఠం మేడమ్‌తో ఇంకా ఆ చీటీల సంగతే మాట్లాడుతున్నాడు.

"నువ్వేనా బస్టాండు తాతవి?"

"గొంతు భలే గుర్తుపట్టావమ్మా!" కంచుకంఠం పొంగిపోయాడు.

"పట్టకుండా ఎలా? కథ కంటే నీ సంగతే ఎక్కువ చెప్తావుగా."

"నోరు ముయ్యవే" అంది అమ్మమ్మ. అని తన నోటికే చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వాగక.

"అది కాదు తాతా. బాతు తప్పిపోయింది. పడవ తాత అంతా వెతికాడు. వానొచ్చింది. తలుపు చప్పుడైంది. తాత తలుపు తీశాడు. వెంటనే నువ్వొచ్చేశావు. తలుపు తీస్తే నువ్వున్నావేంటి అక్కడ?"

కంచుకంఠం పుస్తకం తెచ్చాడు. "ఇదిగో చూడమ్మా, 'తాత తలుపు తీశాడు.' ఇంతే ఉంది."

"నేను చూడగలిగితే నీ దాకా ఎందుకొస్తా?"

నాలిక్కరుచుకుని పేజీ తిప్పాడు. అక్కడ ఒక్క అక్షరం లేదు. పేజీ నిండా బొమ్మ. అక్షరాలు అయిపోగానే పుస్తకం మూసెయ్యడం అలవాటైన మనిషి, ఆ పేజీ మొహం ఎప్పుడూ చూడలేదు.

"ఏముంది తాతా?"

"ఏం లేదమ్మా. బొమ్మ."

"ఏం లేకపోతే బొమ్మెందుకేశారు?"

కంచుకంఠం గొంతు మొట్టమొదటిసారి తగ్గింది. "గుమ్మంలో... బాతుంది."

పిల్ల ఇన్నాళ్లూ బిగబట్టిన ఊపిరి వదిలింది. మరుక్షణమే "తడిసిందా?" అంది.

"ముద్దైపోయింది."

"ఒక్కతేనా?"

కళ్లజోడు తుడుచుకుని వంగి చూశాడు. "వెనకాల పిల్లలున్నాయి. నాలుగు. ఆగాగు, ఐదు."

"అయితే తప్పిపోలేదు! గుడ్లు పొదగడానికెళ్లింది. మరి తాత మొహం?"

"కనపడదమ్మా, అటు తిరిగున్నాడు. చేతిలో తువ్వాలుంది."

"అంటే వస్తుందని తెలుసన్నమాట" అంది పిల్ల. కంచుకంఠానికి అది తట్టనే లేదు. ఆ వెంటనే ఆ పిల్ల మామూలుగానే అడిగింది: "నువ్వు చదివిన మిగతా పుస్తకాల్లోనూ బొమ్మలున్నాయా?"

ముప్ఫై ఏళ్లు ఎంతమంది ఏమడిగినా తడుముకోకుండా చెప్పిన మనిషి, ఈసారి పుస్తకం పట్టుకుని మేడమ్ వైపు తిరిగాడు.

"ఈ బొమ్మ కలిపి మళ్లీ చదువుతానండీ."

"కుదరదండీ. అచ్చులో లేదు."

"ఇది అచ్చు కాదా?"

"అచ్చంటే అక్షరాలండీ. బొమ్మల విషయం కమిటీకి రాస్తాను. వచ్చే ఏడాది కూర్చుంటారు."

"వచ్చే ఏడాది దాకా ఆ బాతు వానలోనేనా?" అంది అమ్మమ్మ.

"రూలు నేను పెట్టలేదమ్మా."

కంచుకంఠం బోర్డు వైపు చూశాడు. "మరి నా పరిచయం ఏ పుస్తకంలో అచ్చేశారండీ?"

"దానికి ఒక నిమిషం ఉందిగా."

"ఆ నిమిషం నాదేనా?"

"మీదే."

"అందులో ఏం చెప్పాలో కమిటీ చెప్పిందా?"

మేడమ్ బోర్డు మొత్తం పైనించి కిందికి చదివారు. చెప్పలేదు.

"చివర వినపడితే చీటీ వెనక్కి తీసుకుంటా" అంది పిల్ల, కుర్చీ పక్కనే చతికిలబడి.

రికార్డింగు మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది. కంచుకంఠం కథంతా మళ్లీ చదివాడు. "తాత తలుపు తీశాడు. పుస్తకం సమాప్తం. ఇక చదివినవారి పరిచయం." గొంతు సవరించుకున్నాడు. "చదివినవాడు నలభై పుస్తకాల్లో ఒక్క బొమ్మా చూడని మొద్దు. ఇప్పుడు చూస్తున్నాడు. గుమ్మంలో బాతుంది. ముద్దగా తడిసింది. వెనకాల ఐదు పిల్లలు. ఆఖరిది ఇంకా మెట్టు ఎక్కలేక..."

మేడమ్ ఒక వేలు స్విచ్చి మీద పెట్టి గడియారం చూస్తున్నారు. ఇంకా పది సెకన్లు.

"తువ్వాలు తాతా!" పిల్ల గుసగుస కూడా రికార్డులోకి ఎక్కేసింది. "తువ్వాలు చెప్పవేం!"