నలభై ఒక్క ఎర్ర చుక్కలు

మా తోడికోడలు గీసిన బొమ్మను ల్యాబులో పెద్దాయన గోడకు అంటించి వారం అయింది. ఆ వారంలో నేను మంచినీళ్లకు ఆ గోడ తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

మాది పాల పరీక్షల ల్యాబు. సీసాలో పాలు పోసి వాటి గుండా కంటికి కనపడని కాంతిని పంపితే, ఆ కాంతిలో ఏ భాగాన్ని పాలు ఎంత మింగాయో యంత్రం అంకెల్లో చెబుతుంది. ఒక్కో సీసాకు వెయ్యీ అరవై అంకెలు. ఆరువందల నలభై సీసాలు. వెయ్యీ అరవై దిక్కులున్న గదిలో ఆరువందల నలభై చుక్కలు వేలాడుతున్నాయనుకోండి. కాగితానికి ఉన్నవి రెండే దిక్కులు. మిగిలినవన్నీ వదిలేయాలి. ఏం వదిలేస్తున్నామో తెలిసి వదిలేయాలి. పదకొండేళ్లుగా నా ఉద్యోగం అదే.

నా పద్ధతి పాతది. గుంపును ఏ పక్కనుంచి చూస్తే మనుషులు ఒకరికొకరు అడ్డం రాకుండా విడివిడిగా కనిపిస్తారో ఆ పక్కకు వెళ్లి నిలబడతాను. తర్వాత ఆ దిక్కునే నిలదీస్తాను. నువ్వు దేనితో తయారయ్యావు? కొవ్వా, చక్కెరా, ఉప్పా? చెప్పేదాకా వదలను. బొమ్మ మాత్రం నేలమీద ఒలికిన ఆవాల్లా ఉంటుంది.

చిన్నది కొత్త పద్ధతి తెచ్చింది. చిన్నది అంటే నా మరిది భార్య. ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు, ల్యాబుకు ఆ పిలుపు నా వెంటే వచ్చింది. ఆమె పద్ధతి ఇరుగుపొరుగును విడదీయదు. అన్ని దిక్కుల్లో పక్కపక్కన ఉన్నవాళ్లను కాగితం మీద కూడా పక్కపక్కనే కూర్చోబెడుతుంది. ఎందుకు పక్కన ఉన్నారని అడిగితే మాత్రం మాట్లాడదు. బొమ్మ ముచ్చటగా వచ్చింది. ఎడమన నీలం దీవి, ఆరోగ్యంగా ఉన్న ఆవుల పాలు. కుడిన ఎర్ర దీవి, పొదుగువాపు ఉన్నవి. మధ్యలో తెల్లటి ఖాళీ.

"ఇదమ్మా బొమ్మంటే!" అన్నాడు ల్యాబు నడిపే పెద్దాయన. "పాడి సంఘం వాళ్లకి ఇంక నేను నోరు విప్పక్కర్లేదు." నావైపు తిరిగి, "నీ ఆవాలు చూపించి పదకొండేళ్లు వాళ్లని నిద్రపుచ్చాం" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు దవడ దగ్గర ఇరుక్కుని సాయంత్రం దాకా నొప్పి పెట్టింది.

గురువారం ఆ బొమ్మను సంఘం ముందు పెట్టాలి. నెగ్గితే చిన్నదాని ఉద్యోగం ఖాయమవుతుంది. కొత్తగా పెట్టబోయే విభాగం కూడా ఆమెకే. ఆ విభాగం కావాలని నేను ఎవరినీ అడగలేదు. అడగకుండానే ఇస్తారని ఎదురుచూశాను.

ఆమెను ఇక్కడికి తెచ్చింది నేనే. "ఇంట్లో ఖాళీగా ఎందుకు, మా దగ్గర చేరిపో" అన్నాను. అప్పుడు నాకు ఆమె మీద ప్రేమే ఉండేది. ఇప్పటికీ అది ఎక్కడో ఉండే ఉంటుంది. ఆమెలో ఎన్నో ఉన్నాయి. చెప్పులు వేసుకుంటూ పాడుకోవడం, ఏ తాళం ఎక్కడ పెట్టిందో మరచిపోవడం, నా జ్వరంలో రెండు రోజులు పక్కనే కూర్చోవడం. కానీ ఈ మధ్య నేను అవన్నీ పక్కకు నెట్టి ఆమెను ఒకే ఒక్క గీత మీదికి తెచ్చేశాను. నాకంటే ఎంత పైన ఉంది? ప్రతి ఉదయం నిద్ర లేవగానే ఆ గీత మీద ఆమె చుక్క ఎక్కడుందో చూసుకుంటున్నాను.

సోమవారం నాలుగింటికి గదిలో ఎవరూ లేనప్పుడు ఆ బొమ్మ ముందుకు వెళ్లి నిలబడ్డాను. పొగడ్తలేవీ వినిపించకుండా చూడటం అదే మొదటిసారి. నీలం దీవిలో కొన్ని ఎర్ర చుక్కలు, అంటే రోగమున్న ఆవులవి, కనిపించాయి. లెక్కపెడితే నలభై ఒకటి. కింద చిన్నదాని చేతిరాతతో 'కోలుకుంటున్న ఆవులు' అని రాసి ఉంది.

కోలుకుంటున్నాయని ఎవరు చెప్పారు?

ఆ నలభై ఒక్క సీసాల చీటీలు తీశాను. అన్నీ ఒకే నెలవి. ఆ నెల జ్ఞాపకం వచ్చింది. రోగమున్న ఆవుల పాలు దూరపు ఊళ్లనుంచి సంఘం పశువైద్యుడు పంపుతాడు, చేరడానికి రెండు రోజులు పడుతుంది. అందుకని విరగకుండా సీసాలో ఒక మాత్ర వేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవి పక్క కేంద్రంనుంచి పొద్దున్నే వస్తాయి, వాటికి మాత్ర అక్కర్లేదు. ఎనిమిదేళ్ల కింద ఆ నియమం రాసింది నేనే. ఆ ఒక్క నెల వైద్యుడి దగ్గర మాత్రలు అయిపోయాయి, సీసాలు మంచుపెట్టెలో వచ్చాయి.

నా పాత పద్ధతిలో అంకెలను పెట్టి, మొదటి దిక్కును నిలదీశాను. అది కొవ్వు అనలేదు, చక్కెర అనలేదు. గ్రాఫులో, పాలకు ఉండకూడని చోట నిటారుగా ఒక్క శిఖరం లేచింది. మాత్ర. ఎర్ర దీవి రోగం కాదు, మాత్ర వేసిన సీసాలు. నీలం దీవి మాత్ర వేయనివి.

ఆ గ్రాఫును కాగితం మీద అచ్చు తీసి సొరుగులో పెట్టాను. చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చాను. దాన్ని సంతోషం అనడానికి సిగ్గేసింది, కానీ మరో మాట దొరకలేదు.

ఐదున్నరకు చిన్నది వచ్చి నా బల్ల మీద చెయ్యి ఆనించింది.

"అక్కా, గురువారానికి ముందు ఒక్కసారి నువ్వు చూసి పెట్టవా? అందరూ బాగుందంటుంటే నాకు భయమేస్తోంది."

"భయమెందుకే?"

"ఏమో. నువ్వు మాత్రం ఏమీ అనలేదుగా. నువ్వేదో ఒకటి అంటే గానీ నాకు నిద్ర పట్టదు."

ఆమె చెయ్యి సొరుగుకు జానెడు దూరంలో ఉంది.

"బాగుంది" అన్నాను.

"ఒట్టేనా?"

"బాగుందన్నానుగా. వెళ్లు, మీ ఆయన ఎదురుచూస్తుంటాడు."

మంగళవారం, బుధవారం నాతో నేను వాదించుకుంటూనే గడిపాను. చెబితే ఏమవుతుంది? సరిచేసుకుంటుంది. సరిచేసి ఇంకా మంచి బొమ్మ గీస్తుంది. పెద్దాయన దాన్నీ గోడకు అంటిస్తాడు. ఆ తలపు దగ్గరే వాదన ప్రతిసారీ ఆగిపోయేది.

గురువారం సంఘం వాళ్లు ఎనిమిది మంది వచ్చారు. చిన్నది తడబడకుండా చెప్పింది. అధ్యక్షుడు తల ఊపుతుంటే నేను లేచాను.

"ఒక సందేహం. ఎర్ర దీవి సీసాల్లో మాత్ర ఉంది, నీలం దీవి వాటిలో లేదు. మాత్ర లేని రోగపు సీసాలు నలభై ఒకటి. అవి నలభై ఒకటీ నీలంలోనే పడ్డాయి. మనం విడదీసింది రోగాన్నా, మాత్రనా?"

కాగితం పెద్దాయన చేతికిచ్చాను.

అధ్యక్షుడు గడ్డం గోక్కున్నాడు. "అంటే తల్లీ, మేం మా చేత్తో వేసిన మాత్రని మీరు ఇంత పెద్ద యంత్రం పెట్టి కనిపెట్టారన్నమాట!"

ఎవరో ఫక్కున నవ్వారు. చిన్నది బొమ్మవైపు తిరిగి ఆ చుక్కలను చూసింది. ఆమెకు అర్థమైన క్షణం నాకు కనిపించింది. మెడ కొంచెం వంగింది. దానికోసమే నేను మూడు రోజులు ఎదురుచూశానని అప్పుడు తెలిసింది.

"ఎప్పుడు కనిపెట్టావమ్మా ఇది?" అన్నాడు పెద్దాయన.

"నిన్న సాయంత్రం సార్. చెప్పే వీలు చిక్కలేదు."

ఆయన కాగితాన్ని చిన్నదానికి అందించాడు. ఆమె శిఖరాన్ని చూసింది. తర్వాత చూపు కిందికి, కుడి మూలకు దిగి అక్కడే నిలిచిపోయింది. ఆ మూలలో యంత్రం తనంతట తాను తేదీ, సమయం అచ్చు వేస్తుంది. అది నాకు అప్పుడు గానీ తట్టలేదు. దాన్ని పైకి చదివితే చాలు, నా అబద్ధం బయటపడుతుంది. ఆమె కాగితాన్ని రెండుగా మడిచింది.

"అక్క చెప్పింది నిజమే సార్. తప్పు నాదే."

ఆమె ఉద్యోగం ఖాయం చేయడం ఆరు నెలలు వెనక్కి జరిగింది. కొత్త విభాగం నాకు ఇస్తామన్నారు.

బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. మూడు స్టాపులు దాటాక ఆమె కిటికీలోంచి చూస్తూనే అంది.

"సోమవారం నాలుగూ యాభైకి తీశావు."

"ఆఁ."

"నేను ఐదున్నరకొచ్చా."

"ఆఁ."

"ఒట్టేనా అనడిగా."

తిడుతుందని, ఏడుస్తుందని చూశాను. ఏది చేసినా నాకు తేలికయ్యేది. ఆమె సంచీలోంచి చిక్కీ ముక్క తీసి సగం విరిచి నాకిచ్చింది. రోజూ ఇచ్చినట్టే. తీసుకున్నాను.

ఇంట్లో అత్తయ్య తలుపు దగ్గరే పట్టుకుంది. "ఏమైందే మీ మీటింగు? గెలిచావా చిన్నదానా?"

ముందుగదిలో నా భర్త, మరిది టీవీ శబ్దం తగ్గించారు.

"ఎక్కడ గెలవడం అత్తయ్యా, పెద్ద తప్పు చేశా. అక్క పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఊరందరి ఆవుల్నీ తప్పుగా తేల్చేవాళ్లం. కొత్త విభాగం అక్కకిస్తున్నారు."

"మరి నేను మొదట్నుంచీ అంటున్నదేమిటి?" అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇంటికి పెద్దకోడలంటే ఇట్లా ఉండాలి. చిన్నదాన్ని వెనకేసుకు రావాలి."

పదకొండేళ్లలో ఈ ఇంట్లో నా పని గురించి ఎవరూ అంత మాట అనలేదు. నా భర్త లేచి నిలబడ్డాడు. మరిది చేతులెత్తి దణ్ణం పెట్టి, "వదినా, నీ రుణం తీర్చుకోలేం" అని నవ్వాడు.

అందరం భోజనానికి కూర్చున్నాం. చిన్నది నా ఎదురుగా కూర్చుని, తాళం ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటూ మరిది మీద విసుక్కుంటోంది. ఆమె అత్తయ్యతో అలా అన్నది నన్ను కాపాడటానికా, వాళ్ల పొగడ్తల మధ్య నన్ను కూర్చోబెట్టి చూడటానికా? రెండోదే అయితే బాగుండునని మనసులో వేడుకున్నాను. అప్పుడు ఆ గీత మీద మేమిద్దరం ఒకే చోట ఉంటాం. అన్నం చల్లారేదాకా ఆమె ముఖంలో అందుకు చిన్న గుర్తైనా దొరుకుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. ఆమె తాళం దొరికిందని నవ్వింది.