తోకజెండా

మూడో మలుపు దగ్గర దీపస్తంభానికి కట్టిన అట్టబాణాన్ని విప్పి, పురికొసను వేలికి చుట్టి జేబులో వేసుకున్నాడు తోకాయన. ముడి ఒక్క లాగుతో ఊడింది. అతని ముడి ఎప్పుడూ అంతే. గాలికి రాదు, వానకు రాదు, తెలిసిన చెయ్యి కొస పట్టుకుని లాగితే మాత్రం మారు మాట్లాడకుండా వస్తుంది. బాణాన్ని భుజానికి వేలాడే గోనెసంచిలోకి తోసి, ఆరు అయ్యాయి, ఇంకా పన్నెండు అనుకున్నాడు.

ముందు రెండు స్తంభాల అవతల ఒక పెద్దావిడ నడుస్తోంది. ఆవిడకు ముందు రోడ్డు ఖాళీ. ఆవిడ వెనక తోకాయన. తోకాయన వెనక ఎవరూ ఉండరు. ఉండకూడదు, అదే అతని ఉద్యోగం.

ఏడాదికోసారి జరిగే నడక అది. పల్లెల్లోని బడులకు మంచినీళ్ళు పెట్టించడానికి సంఘంవాళ్ళు విరాళాలు పోగుచేసే నడక. తొమ్మిది కిలోమీటర్లు. నడిచే ప్రతివాళ్ళూ ఒక లీటరు నీళ్ళు మోసుకెళ్ళి, చివర మైదానంలో పెట్టిన నీలం డ్రమ్ములో పొయ్యాలి. పడిన ప్రతి లీటరుకూ దాతలు ఇంత అని ఇస్తారు. నీళ్ళు మొయ్యడమంటే ఏమిటో పట్నం చేతులకు ఒక్కపూటైనా తెలుస్తుందని పెట్టిన నియమం.

అందరికంటే వెనక ఎర్రజెండా కట్టిన వెదురుకర్ర పట్టుకుని ఒక మనిషి నడుస్తాడు. అదే తోక. దారి చూపే బాణాలను విప్పుకుంటూ, చివరి మనిషికి రెండు స్తంభాల దూరంలో వస్తాడు. అంతకంటే దగ్గరైతే తరుముతున్నట్టుంటుంది, దూరమైతే వదిలేసినట్టుంటుంది. ఆ కొలత ఎవరూ చెప్పలేదు, అతనే కనిపెట్టాడు. జెండా మైదానంలోకి వచ్చిందంటే రోడ్డు మీద ఇక ఎవరూ లేరని లెక్క. వెంటనే డ్రమ్ముకు మూత పడుతుంది, టెంట్లు దిగుతాయి. పన్నెండేళ్ళుగా ఆ జెండా ఒకడి చేతిలోనే ఉండటంతో అసలు పేరు అరిగిపోయి తోకాయన మిగిలాడు. దానికి అతనికేం బాధ లేదు. తల అయితే టోపీ కొనుక్కోవాలి, తోకకు ఆ ఖర్చు లేదు అనేవాడు.

వచ్చే ఏడు తోకకు మోటారుసైకిలు పెడుతున్నారు. ఆ మాట ఆఫీసులో లిస్టులు రాసే అమ్మాయి చెప్పింది, అదీ నేల చూపులు చూస్తూ. అతను విని, ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక కోరిక కోరాడు.

"ఈ ఒక్కసారికి నాక్కూడా నంబరు ఇస్తావా అమ్మా?"

ఆ పిల్ల నవ్వింది. "నీకు నంబరెందుకు బాబాయ్? నువ్వు లేకపోతే నడకే లేదు."

"అందరిలాగా నేనూ ఓ లీటరు పోస్తాను."

అతని ముఖం చూసి ఆ పిల్ల నవ్వు ఆపేసింది. లిస్టు అడుగున ఒక వరస గీసి, నాలుగు వందల పన్నెండు అని రాసింది. ఇవాళ పొద్దున తనే ఆ కాగితాన్ని అతని చొక్కాకు పిన్నులతో గుచ్చింది. ఎన్నిసార్లు సర్దినా అది ఎడమకు ఒరిగిపోయింది. తప్పు కాగితానిది కాదు. అతని ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్ళు కిందకి ఉంటుంది. నీ చొక్కా కొలత తియ్యాలంటే నేను వాలుగా నిలబడాలయ్యా అనేవాడు వాళ్ళ దర్జీ.

ఆ భుజం వాల్చింది కావడి. ఇరవై ఆరేళ్ళు అతను ఒక పల్లె బడికి నీళ్ళు మోశాడు. బావి నుంచి బడికి మైలుకు పైనే. పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు. భుజం మార్చుకొమ్మని పంతుళ్ళు చెబితే అలవాటైన భుజానికి బరువు తెలియదనేవాడు. ఇంట్లో భార్య మాత్రం వదిలేది కాదు. "ఊరి పిల్లలందరికీ నీళ్ళు మోస్తావు. ఇంట్లో బిందె మాత్రం నేనే మొయ్యాలి, అవునా?" అనేది. అవుననేవాడు. ఆమె పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు ఉన్న ఒక్క గదిలో బిందె నిండితే మూడు రోజులు వస్తుంది. ఒంటరిగా ఉండటంలో అతనికి అన్నిటికంటే కష్టమనిపించింది అదే, నీళ్ళు తరగకపోవడం.

ఆ బడికి కుళాయి వచ్చింది ఈ నడక డబ్బుతోనే. నీళ్ళొచ్చాయి, నీళ్ళవాడి పని పోయింది. సంఘంవాళ్ళు మొహమాటపడి తమ ఆఫీసు గోదాముకు కాపలాగా పెట్టుకున్నారు. అందరూ అతనికి అన్యాయం జరిగిందనుకున్నారు. అతను అలా అనుకోలేదు. ఎందుకు అనుకోలేదో ఎవరికీ చెప్పలేదు.

కల్వర్టు దగ్గర పెద్దావిడ ఆగి, గోడమీద కూర్చుంది. తోకాయన కూడా ఆగాడు. ఆవిడ చెయ్యి ఊపి పిలిచేసరికి దగ్గరికి వెళ్ళాడు. తెల్లజుట్టు, కాన్వాసు బూట్లు, మోకాలికి సాగే పట్టీ. ఒళ్ళో లీటరు సీసా.

"మీరు వెళ్ళండి బాబూ. నాకోసం ఆగితే మీకు మధ్యాహ్నం అవుతుంది."

"నేను ముందుకెళ్తే మీరు తోకవుతారండీ. ఆ పదవి ఖాళీ లేదు."

ఆవిడ నవ్వి, మోకాలు నొక్కుకుంటూ అతని చొక్కా వైపు చూసింది. "తోకకి కూడా నంబరిస్తారా?"

"ఈసారికి ఇచ్చారు."

"మరి మీ నీళ్ళేవీ?"

కుడిచేతిలోని స్టీలు క్యాను చూపించాడు. భార్య పొలం పనికి టీ పట్టుకెళ్ళిన క్యాను అది. మూత మీద తెల్లగుడ్డ వేసి, మెడ చుట్టూ పురికొసతో కట్టాడు. అందరూ నడక మొదలైన చోట ట్యాంకరులో పట్టుకున్న నీళ్ళు కావవి. మొన్న సాయంత్రం బస్సెక్కి, రెండు గంటలు ప్రయాణం చేసి, ఆ బడి కుళాయి దగ్గర పట్టుకొచ్చాడు. ఆ సంగతి చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ముప్పై ఏళ్ళు టీచరుగా చేశానని, పిల్లవాడు సగం చెప్పి ఆపేస్తే తనకు తెలిసిపోతుందని అంది.

"మిగతా సగం చెప్పండి."

తోకాయన జెండాకర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కుళాయి రావడానికి ముందటి ఏడాది పిల్లలకి జ్వరాలొచ్చాయండీ. బావినీళ్ళ వల్లేనని డాక్టర్లు తర్వాత తేల్చారు. ముప్పైమంది పడుకున్నారు. ఇరవై తొమ్మిదిమంది లేచారు."

ఆవిడ ఒళ్ళో సీసాను నిలబెట్టి పట్టుకుంది.

"మోసింది నేనే."

"నీళ్ళలో ఏముందో మీకేం తెలుస్తుంది?"

"తేటగానే ఉన్నాయండీ. గుడ్డేసి వడగట్టాను కూడా. గ్లాసులో పోస్తే అడుగు కనబడేది. అందుకే కదా తెచ్చాను."

ఒక లారీ వెళ్ళింది. దుమ్ము తగ్గేదాకా ఇద్దరూ ముఖాలు తిప్పుకున్నారు.

"ఎన్నో తరగతి?" అంది ఆవిడ.

"మూడు. కావడి దించగానే మొదటి గ్లాసు తనకే కావాలని పరిగెత్తుకొచ్చేది. ఇచ్చేవాణ్ణి."

నీ తప్పేం లేదు అని ఆవిడ అంటుందని అతను భయపడ్డాడు. ఆ మాట అంటే ఇక చెప్పడానికేమీ మిగలదు. ఆవిడ అనలేదు. సీసా సంచిలో పెట్టుకుని లేవబోయింది, మోకాలు లేవనివ్వలేదు.

"పదండి. ఆ నీళ్ళు డ్రమ్ములో పడాలి గదా" అంది.

అప్పుడు అతను పన్నెండేళ్ళలో చెయ్యని పని చేశాడు. జెండాకర్ర ఆవిడ చేతికిచ్చాడు. "ఊతానికి బాగుంటుంది. పైన గుడ్డ ఉందని చూడకండి" అన్నాడు. ఆవిడ కర్ర పొడిచి చూసి, సరిపోయిందంది. అడుగు పడింది. తోకాయన నిలబడి, ఆవిడ రెండు స్తంభాలు దాటేదాకా చూసి, తరవాత కదిలాడు.

పది, పదకొండు, పన్నెండు. సంచి బరువెక్కుతోంది. పదమూడో బాణం దగ్గర ఎడమ భుజం లాగడం మొదలుపెట్టింది. ఆ భుజం నొప్పి అతనికి పాత చుట్టం. వచ్చినప్పుడు పలకరించడు, పోయేటప్పుడు సాగనంపడు. సంచిని కుడివైపుకు మార్చి, క్యాను ఎడమచేతిలోకి తీసుకున్నాడు. నొప్పి మోచేతికి, అక్కణ్ణుంచి దవడకు పాకింది. దవడకు ఎందుకు వచ్చిందా అని కాస్త ఆశ్చర్యపోయాడు. చొక్కా వీపుకు అంటుకుంది. పద్నాలుగో బాణం ముడిని రెండుసార్లు లాగాల్సి వచ్చింది.

పదిహేనో బాణం బస్టాపు స్తంభానికి ఉంది. అక్కడినుంచి మైదానం కిలోమీటరు. మైకు వినబడుతోంది కూడా. పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది.

"మీరు నడుస్తూ ఉండండి. ఇది విప్పుకుని వచ్చేస్తా" అని కేకేశాడు.

విప్పాడు. సంచిలో పెట్టుకునే ఓపిక లేక, బస్టాపు సిమెంటు బల్ల మీద కూర్చుని బాణాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. క్యానును పక్కన, నీడపట్టున ఉంచాడు. ఒలికిందేమోనని గుడ్డ తడిమి చూశాడు. పొడిగా ఉంది. ఒక్క నిమిషం కూర్చుందామనుకున్నాడు.

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు చూశాడు. తోకాయన వెళ్ళమని చెయ్యి ఊపాడు. బస్సు వెళ్ళింది. మైకులో ఎవరి పేర్లో చదువుతున్నారు. నంబర్లు కూడా చదువుతున్నారు. తన నంబరు చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోబోయి, సిగ్గేసి మానుకున్నాడు. దాహమేసింది. పక్కనే నీళ్ళున్నాయి. అవి తనవి కావు.

మరో బస్సు వచ్చి ఆగింది. ఈసారి అతను చెయ్యి ఊపలేదు. డ్రైవరు కాసేపు చూసి, ఎక్కేవాడు కాదనుకుని పోనిచ్చాడు.

మైదానంలో ఎర్రజెండా గేటు దాటడం మైకాయన కంటపడింది. "తోక వచ్చేసిందండీ" అన్నాడు మైకులో. మైదానంలో మిగిలిన పదిమందీ చప్పట్లు కొట్టారు. టేబులు దగ్గర అమ్మాయి తల ఎత్తి, టెంటు గుడ్డల మీదుగా కదులుతున్న జెండాను చూసి, లిస్టు చివరి వరసలో నాలుగు వందల పన్నెండుకు ఎదురుగా టిక్కు పెట్టింది. ఆ టిక్కు మిగతావాటికంటే పెద్దగా, ప్రేమగా పెట్టింది. పెద్దావిడ తన సీసా డ్రమ్ములో పోసి, "ఆయన నా వెనకాలే వస్తున్నారు" అని మైకాయనతో చెప్పింది.

"వస్తార్లెండి. ఆయనకి దారి కొత్తా" అని కర్ర అందుకున్నాడు మైకాయన. ఆవిడ గేటు వైపు చూస్తూ కాసేపు నిలబడింది. కొడుకు కారు తెచ్చాడు. ఎక్కింది.

డ్రమ్ములో నీళ్ళు కొలిచి, అంకె చదివి, మైదానం అంచున నాటిన మొక్కలకు వదిలేశారు. ఖాళీ డ్రమ్ము దొర్లించుకుంటూ వెళ్ళి లారీ ఎక్కించారు. కుర్చీలు, టెంట్లు వ్యానులోకి ఎక్కుతుంటే అమ్మాయి సామాను సరిచూసుకుంది. జెండా ఉంది. బాణాల సంచి లేదు.

"బాబాయేడీ?"

"ఇందాకే వచ్చాడుగా" అన్నాడు మైకాయన.

"నువ్వు చూశావా?"

అతను జెండా వైపు చూశాడు.

ఫోను చేస్తే వ్యానులోని పెట్టెలో మోగింది. నడకలో పడిపోతుందని పొద్దునే దాన్ని అక్కడ దాచుకున్నాడు. అమ్మాయి గేటు బయటికి వచ్చింది. మొదటి స్తంభానికి బాణం అలాగే ఉంది. తోకాయన దాటి వచ్చిన దారిలో బాణం ఉండదు. కొస పట్టుకుని లాగింది, ఊడి వచ్చింది. పద్దెనిమిది. మలుపులో ఇంకొకటి. పదిహేడు. ఎండలో, ఖాళీ రోడ్డు మీద, నడక ఏ దిక్కుకు సాగిందో దానికి ఎదురుగా పరిగెత్తింది. కల్లుముంత లాంటి పాత మైలురాయి పక్కన పదహారోది. ఆ తరవాత స్తంభాలన్నీ ఉత్తవే.

బాణాలు అయిపోయిన చోట, బస్టాపు బల్ల మీద అతను గోడకు ఆనుకుని ఉన్నాడు. పదిహేనోది ఒళ్ళో ఉంది. దాని మొన మైదానం వైపే ఉంది.

"బాబాయ్" అంది. "బాబాయ్, పద. అందరూ వెళ్ళిపోతున్నారు."

ఎడమకు ఒరిగిన కాగితం మీద చెయ్యి వేసింది. వేసి, బల్ల పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

ఆమె ఫోను చేస్తే మైకాయన డ్రైవరుతో సహా వ్యాను తెచ్చాడు. కుర్చీలు కొన్ని దించి, మడిచిన టెంటుగుడ్డ మీద అతన్ని పడుకోబెట్టారు. మైకాయన అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక ఇంకొకరికి చోటు లేదు. "మీరు ముందెళ్ళండి. నేను నడిచొస్తాను" అంది అమ్మాయి. వ్యాను వెళ్ళిపోయాక గాని బల్ల కింద నీడలో ఉన్న క్యాను ఆమెకు కనబడలేదు. హడావుడిలో ఎవరో కిందికి జరిపారు.

లీటరు ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు. ఇన్ని నడకల్లో ఎన్నడూ మోయలేదు, టేబులు దగ్గర కూర్చుని టిక్కులు పెట్టింది. ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకుంటూ, ఒలకకుండా, ఆ కిలోమీటరు నడిచింది. లిస్టులో అతను వచ్చేసి రెండు గంటలు అయింది.

మైదానంలో లారీ లేదు, డ్రమ్ము లేదు. డ్రమ్ము నిలబడిన చోట మట్టిలో గుండ్రంగా తడి మరక ఉంది, అంచుల నుంచి ఆరుతోంది. అమ్మాయి మూత విప్పబోయి కొస పట్టుకుంది, లాగలేకపోయింది. క్యానును ఆ మరక మధ్యలో పెట్టి, ఆసుపత్రి వైపు వెళ్ళే ఆటో కోసం రోడ్డు మీదికి పోయింది.

ఖాళీ మైదానంలో, ఆరిపోతున్న తడిలో, క్యాను నిండుగా ఉంది. మూత మీది తెల్లగుడ్డకు ముడి అతను వేసింది వేసినట్టే ఉంది.